ఎలాస్టిక్కు మీద నడిచిన పాట

చొక్కా అంతా బాగుండి మెడ దగ్గర కాలరు ఒక్కటే అరిగిపోతే, ఆ చొక్కాను పారేసేవాళ్లంటే కాలరు మాస్టరుకు ఒళ్లు మంట. కాలరు కుట్లు విప్పి, అరిగిన వైపు లోపలికి పోయేలా తిరగేసి మళ్లీ కుడితే ఆ చొక్కా ఇంకో నాలుగేళ్లు నిక్షేపంలా నడుస్తుంది. నలభై ఏళ్లుగా ఆయన చేస్తున్న పని అదే. కొత్త బట్టలు కుట్టడం రాక కాదు. కొత్తవి ఎవడైనా కుడతాడు, పాతదానికి ప్రాణం పోయాలంటేనే చెయ్యి తిరిగి ఉండాలంటాడు. వినేవాళ్లు దొరికితే ఈ మాట రోజుకు మూడుసార్లు చెబుతాడు, దొరక్కపోతే కుట్టుమిషనుకు చెబుతాడు.

ఇంటి ముందు గదే షాపు. వీధిలోకి తెరుచుకునే తలుపు, దాని పక్కన కిటికీ, కిటికీ కింద కాలితో తొక్కే మిషను. గోడకు వరసగా మేకులు, మేకుకో చొక్కా. ఆ గదిలో పాడైన ప్రతి వస్తువుకూ ఆయన గుడ్డతోనో దారంతోనో వైద్యం చేశాడు. విరిగిన కళ్లజోడు కాడకు దారం చుట్టాడు, ఊగిసలాడే కుర్చీ కాలికి కాన్వాసు పట్టీ బిగించాడు. కారే కుళాయికి కూడా ఒకసారి కట్టు కట్టి, అది ఆగకపోయేసరికి తప్పు కుళాయిదేనని తేల్చాడు. నాన్న చేతికి విమానం ఇచ్చినా ముందు దాని కాలరు ఎక్కడుందో వెతుకుతాడని కూతురు ఆటపట్టిస్తుంది. ఆమె రెండు వీధుల అవతల ఉంటుంది, మందుల షాపులో పని.

మిషనుకు ఎదురుగా, కిటికీ వెలుతురు ఒడిలో పడేలా ముక్కాలిపీట వేసుకుని ఆయన భార్య కాజాలు కుట్టేది. గుండీ దూరే కంతకు చుట్టూ దారంతో అంచు కట్టడం ఆమె పని. ఒక్కో కాజాకు ఇరవై నాలుగు కుట్లు, ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆమె చేతికి ఎంత పొదుపో నోటికి అంత ధారాళం. కాలరు ఇచ్చి వెళ్లిపోవాల్సినవాళ్లు అరగంట కూర్చున్నారంటే ఆమె కబుర్ల కోసమే. మాస్టరు మూడు ముక్కల్లో ముగించేదాన్ని ఆమె ముప్పై ముక్కల్లో చెప్పేది, ఆ ముప్పై ముక్కలూ వినబుద్ధయ్యేవి. కొలతలు ఆయనవి, గిరాకీ ఆవిడదని వీధిలో అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు గానీ ఒప్పుకునేవాడు కాదు.

ఇద్దరి మధ్యా గోడ అరలో ఒక రికార్డు ప్లేయరు ఉండేది. పదిహేనేళ్ల కిందట ఏదో క్లబ్బు మూసేస్తూ సామాను అమ్మేస్తుంటే, అక్కడికి కర్టెన్లు దించడానికి వెళ్లిన మాస్టరు దాన్ని కారుచౌకగా కొని, ఆ కర్టెన్లలోనే చుట్టి సైకిలు మీద తెచ్చాడు. దాంతో పాటు నాలుగు రికార్డులు వచ్చాయి. మూడు గీతలు పడి గరగరమనేవి. నాలుగోది బతికి బట్టకట్టింది. గొడుగు మరిచిపోయి బయటికెళ్లిన మొగుణ్ణి తలుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఒకామె పాడే పాట అది. "మబ్బు పట్టె వాకిట, గొడుగు మరచి పోతివే" అని మొదలవుతుంది.

తెచ్చిన నెలకే లోపలి రబ్బరు బెల్టు తెగింది. మోటారు తిరుగుడును పైనున్న పళ్లేనికి అందించేది ఆ బెల్టే. దానికోసం షాపుల చుట్టూ తిరిగే ఓపిక లేక మాస్టరు తన వైద్యమే చేశాడు. నిక్కర్లకు వేసే పావు అంగుళం ఎలాస్టిక్కు తీసి, కొలిచి కత్తిరించి, రెండు కొసలూ కలిపి కుట్టమని భార్యకిచ్చాడు. ఆమె కాజా కుట్టినట్టే గట్టిగా, కాస్త ముద్దగా కుట్టింది. పళ్లెం తిరిగింది, పాట వచ్చింది. ఆ తర్వాత ఆ పాట పద్నాలుగేళ్లు నిక్కరు ఎలాస్టిక్కు మీదే నడిచింది. మధ్యాహ్నం రెండింటికి మొదలై పొద్దువాలేదాకా అదొక్కటే, ముల్లు ఎత్తడం, మళ్లీ మొదట్లో పెట్టడం. ఆమె సూదితో కుడుతూ సన్నగా దానితోపాటు పాడేది. ఆ మొగుడికి ఇంకా గొడుగు అందలేదా అని ఎదురింటావిడ ఒకసారి విసుక్కుంది కూడా.

పోయినేడు మోటారు మూలిగి మూలిగి ఆగిపోయింది. తీరిక దొరికినప్పుడు చూద్దాంలే అని బీరువా మీదికి ఎక్కించారు. తీరిక దొరకలేదు. ఈ ఏడు మొదట్లో ఒకరోజు పొద్దున, కాజా సగంలో ఉండగా ఆమె చేతిలోంచి సూది జారిపోయింది. ఆమె దాన్ని వెతకలేదు. మాస్టరు తలెత్తి చూసేసరికి మూతి ఒక పక్కకు లాగేసి ఉంది. మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. మూడు వారాల ఆసుపత్రి తర్వాత ఇంటికొచ్చింది. కాలు దారిలో పడింది, కుడిచెయ్యి కొంచెం బిగుసుకున్నా పని చేస్తోంది. మాటే రాలేదు.

ఒక్క మాట మిగిలింది, "అదీ" అని. నీళ్లు కావాలన్నా అదీ, కిటికీ మూయమన్నా అదీ. ఎదుటివాళ్లు చెప్పేదంతా ఆమెకు అర్థమవుతుంది. చెప్పాలనుకున్నదీ లోపల సిద్ధంగానే ఉంటుంది, నోటిదాకా వచ్చి "అదీ" అయిపోతుంది. మాస్టరు నీళ్లు తెచ్చేవాడు, దుప్పటి తెచ్చేవాడు, మందు తెచ్చేవాడు, ఏదీ కాదని ఆమె తల అడ్డంగా ఊపేది. చివరికి కళ్లు మూసుకుని గోడవైపు తిరిగేది. ఆమెకు ఏం కావాలో తెలుసుకోలేని తన మీద తనకే అసహ్యం వేసేది మాస్టరుకు. కబుర్ల కోసం వచ్చేవాళ్లు ఒక్కొక్కరే తగ్గారు. గదిలో మిషను చప్పుడు తప్ప ఇంకేమీ లేకుండా పోయింది.

ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. తలలో మాటకు ఒక చోటు, పాటకు ఒక చోటు ఉంటాయట. మాట చోటు దెబ్బతిన్నా, పాట చోటు చెక్కుచెదరకుండా ఉండవచ్చట. అందుకే మాట్లాడలేనివాళ్లు కొందరు పాడగలుగుతారు. బాగా ఒంటబట్టిన పాట ఒకటి పట్టుకుంటే, దాని వెంటపడి మాటల్ని మెల్లగా బయటికి రప్పించవచ్చు. అయితే మొదటి ఆరు నెలలూ చాలా ముఖ్యం, ఆలస్యమైన కొద్దీ దారి పూడుకుపోతుందని కూడా చెప్పింది. అప్పటికే మూడు నెలలు దాటాయి.

పాట ఏదో వేరే చెప్పాలా? కూతురు సాయంత్రం ఫోనులో ఆ గొడుగు పాటనే వెతికి పట్టుకుని తల్లి పక్కన కూర్చుని పెట్టింది. ఆమె ముఖం వెలిగింది. నోరు తెరిచింది. మొదటి మాట అందుకోబోయేలోపు పాట రెండో మాటలోకి వెళ్లిపోయింది. దాన్ని పట్టుకోబోతే మూడోది వచ్చేసింది. బస్సు వెనక పరిగెత్తే మనిషిలా నాలుగడుగులు వేసి ఆగిపోయింది. మళ్లీ పెట్టారు, మళ్లీ అంతే. పదిరోజులు ప్రయత్నించాక ఫోను చూస్తేనే ఆమె ముఖం తిప్పుకోసాగింది. పాట చోటు కూడా పోయినట్టుందని కూతురు తండ్రిని వంటగదిలోకి పిలిచి మెల్లగా చెప్పింది. మాస్టరు ఆ మాటను చెవిన వేసుకోలేదు.

"ఆ ఫోను పాట మీ అమ్మది కాదే. మన పెట్టెలోంచి వస్తే పాడుతుంది" అన్నాడు.

ఎందుకలా అన్నాడో ఆయనకే తెలియదు. ఏదో ఒకటి బాగుచేయకుండా చేతులు ముడుచుకుని కూర్చోవడం చేతకాక అన్నాడంతే.

ప్లేయరును బీరువా మీంచి దించి, దుమ్ము దులిపి, బజారులో పెద్ద షాపుకు పట్టుకెళ్లాడు. అక్కడ అద్దాల వెనక కొత్త ప్లేయర్లు నిగనిగలాడుతున్నాయి. ధర అడిగితే, ఆరు నెలల పాటు వీధిలో అందరి కాలర్లూ ఒకేసారి చిరిగితే తప్ప కుదరని అంకె చెప్పారు. పాతదాన్ని ఏంచేయాలని అడిగితే, పూలకుండీ పెట్టుకోవచ్చన్నాడు షాపులోని కుర్రాడు, వెటకారంగా కాదు, నిజంగానే సలహాగా. మాస్టరు పెట్టెను చంకనెత్తుకుని బయటపడ్డాడు.

చివరికి రేడియో అమ్మాయి దగ్గర తేలాడు. యాభై దాటి జుట్టు నెరిసినా ఆమె ఆ చుట్టుపక్కలందరికీ అమ్మాయే. తండ్రి నడిపిన రిపేరు షాపును ఇప్పుడు తను నడుపుతోంది. ఒక తలుపు వెడల్పు షాపు, మూడు గోడలనిండా నోళ్లు మూసుకున్న రేడియోలు. ఆమె పళ్లెం ఎత్తి లోపలికి చూసి, రెండు వేళ్లతో ఎలాస్టిక్కును పైకి తీసి, వెలుతురుకు పట్టుకుంది.

"మాస్టరుగారూ, ఇది లాగులోది కదూ?"

మాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. అప్పటికి దొరికింది వేశానని నసిగాడు. ఆమె కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, దాన్ని బల్లకింద చెత్తడబ్బాలో పడేసింది. తిరిగి ఇమ్మని అడగడానికి ఆయనకు మొహం చెల్లలేదు. రాళ్లలా గట్టిపడిన పాత గ్రీజును ఆమె గీకి తీసింది, మోటారుకు నూనె వేసింది, అరిగిన ముల్లు మార్చింది, పెట్టెలు వెతికి అసలైన రబ్బరు బెల్టు వేసింది. పళ్లెం మీద నల్లగీతల కాగితపు చక్రం ఒకటి పెట్టి ట్యూబులైటు కింద తిప్పి చూపించింది. వేగం సరిగ్గా ఉంటే ఆ గీతలు కదలనట్టు నిలబడి కనిపిస్తాయట. నిలబడ్డాయి. బెల్టుకూ ముల్లుకూ మాత్రం డబ్బులు తీసుకుని, చేతికూలికి బదులు తన రేడియోల మీద దుమ్ము పడకుండా గుడ్డ తొడుగులు కుట్టిపెట్టమంది. మాస్టరు దారిపొడుగునా నేలమీద నడవలేదు.

ఇంటికొచ్చి అరలో పెట్టాడు. కూతురు కూడా వచ్చింది. ముల్లు పెట్టగానే పాట కడిగిన అద్దంలా, గలగలా బయటికొచ్చింది. ఎన్నడూ వినపడని వీణ కూడా ఒకటి వెనక వినిపించింది. భార్య ముక్కాలిపీట మీద ముందుకు వంగింది. నోరు తెరిచింది. అందుకోబోయింది. వెనకబడింది. మళ్లీ అందుకోబోయింది. చివరికి చేత్తో తొడమీద గట్టిగా కొట్టుకుని, "అదీ, అదీ, అదీ" అంటూ ఏడ్చేసింది. కూతురు పాట ఆపేసింది.

"ఇంతకంటే ఏం చేస్తావు నాన్నా, వదిలెయ్యి" అంది.

ఆ వారం మాస్టరు ఒక కస్టమరు చొక్కాకు కాలరును తలకిందులుగా కుట్టి ఇచ్చాడు, నలభై ఏళ్లలో మొదటిసారి. పాట మాత్రం రోజూ మధ్యాహ్నం పెడుతూనే ఉన్నాడు. ఆమె వింటుందని కాదు. డబ్బులు పోసి బాగుచేయించిందాన్ని ఊరికే పెట్టడం ఆయన వల్ల కాదు.

అలా కుడుతూ ఉండగా ఒకరోజు ఒక సంగతి ఆయన్ను కుదిపింది. కాలరు పట్టీ చుట్టూ రెండు వరసలు కుట్టు వేయడానికి ఆయనకు సరిగ్గా ఒక పాట పడుతుంది. పాట మొదలవగానే మిషను తొక్కడం మొదలుపెడితే, ముల్లు చివరి గీతలోకి జారేసరికి కాలరు చివరి కుట్టు పడాలి. ఏళ్ల తరబడి అలాగే పడింది. ఇప్పుడు పాట అయిపోతోంది, ఇంకా మూడంగుళాల కాలరు మిగిలిపోతోంది. వయసు మీద పడి చెయ్యి నెమ్మదించిందనుకుని వారం నుంచి లోలోపల కుమిలిపోతున్నాడు. ఇంకో చొక్కా తీసి మళ్లీ కుట్టి చూశాడు. మూడంగుళాలు. ఇంకోటి. మూడంగుళాలే. వయసు మీద పడిన చెయ్యి ప్రతిసారీ అంత కచ్చితంగా ఆలస్యమవుతుందా? మాస్టరు మిషను చక్రం మీద చెయ్యి ఆనించి ఆపేశాడు. నెమ్మదించింది తన చెయ్యి కాదు, తొందరపడుతున్నది పాట.

ఏటేటా కాస్త కాస్త సాగిన ఎలాస్టిక్కు జారుకుంటూ పళ్లేన్ని నెమ్మదిగా తిప్పింది. ఇంట్లో అందరికీ ఒంటబట్టింది ఆ నెమ్మది పాటే. అంతేకాదు, ఎలాస్టిక్కు అతుకు మోటారు ఇరుసు మీదికి వచ్చిన ప్రతిసారీ పాట ఒక తూగు తూగేది. ఆ తూగుకు ఆమె దారం పైకి లాగేది, ఆ లాగుడుకు మాట అందుకునేది. ఫోనులో ఉన్నదీ, రేడియో అమ్మాయి సరిచేసిందీ అసలు పాటే కావచ్చు. తన భార్యకు వచ్చిన పాట మాత్రం అది కాదు. ఆమె పాటను తనే తీసుకెళ్లి, డబ్బులిచ్చి మరీ పోగొట్టుకొచ్చాడు.

వెంటనే రేడియో అమ్మాయి దగ్గరికి పరిగెత్తాడు. సంగతి విన్న ఆమె, సరిగ్గా ఉన్నదాన్ని పాడుచేయమని అడిగినవాళ్లు తన జన్మలో ఎవరూ లేరంది. చెత్తడబ్బా ఎప్పుడో ఖాళీ అయిపోయింది. ఆమె నొచ్చుకుంది, తర్వాత జాలిపడింది, బెల్టు తీయడం ఎలాగో చూపించి పంపింది. ఇక చేసిన తప్పునే మళ్లీ కొలతలతో సహా చేయాలి.

కొలత దొరకడం మాత్రం కష్టం కాలేదు. గుమ్మం తొక్కిన ఎవరి కొలతా తీయకుండా వదలని మనిషి కదా. పాత కొలతల పుస్తకం తిరగేస్తే, ఒక లావుపాటి హెడ్మాస్టరుకూ ఒక పెళ్లికొడుక్కూ మధ్యలో తన చేతిరాతే కనిపించింది. "పాటపెట్టె. నడుము ఇరవై రెండు ముప్పావు. మెడ లేదు." అని రాసుంది. ఆ లెక్కకు కొత్త ఎలాస్టిక్కు కత్తిరించి, కొసలు కలిపి మిషను మీద కుట్టి వేశాడు. బిగుసుకుపోయి మోటారు మూలిగింది. ఏళ్ల తరబడి సాగినదాని కొలత వేరు కదా అని, పొట్ట పెరిగిన కస్టమరుకు వదిలినట్టు కొంచెం కొంచెంగా వదులుతూ పోయాడు. వదిలిన ప్రతిసారీ ఒక కాలరు కుట్టి సరిచూసుకున్నాడు. రెండంగుళాలు మిగిలింది. ఒక అంగుళం. మూడో రోజుకు ఇంటి చొక్కాలన్నీ అయిపోయి అల్లుడి చొక్కాలు తెప్పించాడు, వాటిలో ఒకటి కొత్తది కూడా. ఆ కొత్త చొక్కా మీదే పాటా కాలరూ ఒకేసారి ముగిశాయి.

ఆమె పీట మీద కూర్చుని ఇదంతా చూస్తూనే ఉంది. పాట నెమ్మదిగా నడుస్తుంటే తల ఒక పక్కకు వాల్చి వింది. ఏదో వెతుక్కుంటున్నట్టు కనుబొమలు ముడిచింది. ఆమె పాడలేదు. లేచి కాలు ఈడ్చుకుంటూ అర దగ్గరికి వచ్చి, ముల్లు ఎత్తేసి, "అదీ" అంటూ పళ్లెం వైపు వేలు చూపింది. ఆయన పళ్లెం ఎత్తాడు. ఆమె ఎలాస్టిక్కును బయటికి లాగి, అతుకు మీద బొటనవేలితో రుద్ది చూసింది. మాస్టరు మిషను కుట్టు చదునుగా, గోరుకు కూడా తగలనంత నున్నగా ఉంది. అతుకంటే అలాగే ఉండాలని ఆయన నమ్మకం. ఆమె దాన్ని ఆయన ముఖం ముందు ఆడించి, మహా విసుగ్గా "అదీ" అంది. చేతకాని పనివాణ్ణి తిట్టడానికి ఆ ఒక్క మాటే సరిపోయింది. తర్వాత అరచెయ్యి చాపింది.

ఆమెకేం కావాలో మొదటిసారి వెంటనే అర్థమైంది మాస్టరుకు. గుచ్చుకుంటుందని భయపడి తనే పైఅరలో దాచిన సూదుల డబ్బా దించాడు. దారం ఎక్కించి ఇచ్చాడు. ఆమె కుట్లు పళ్లతో కొరికి విప్పింది. ఎడమచేత్తో కొసలు పట్టుకుని, బిగుసుకున్న కుడివేళ్లతో మొదటి కుట్టు వేయడానికే చాలాసేపు పట్టింది. రెండుసార్లు గుచ్చుకుంది. మాస్టరు చెయ్యి ముందుకు పోతే మోచేత్తో నెట్టేసింది. కిటికీలోంచి వచ్చే ఎండ ఆమె ఒడిలోంచి నేలమీదికి, నేలమీంచి గోడమీదికి జరిగింది. ఇరవై నాలుగు కుట్లు. ముద్దగా, వంకరగా, కాజా కంటే గట్టిగా పడ్డాయి. దారం తెంపి, ఆయన చేతిలో పెట్టి, పీట మీద కూర్చుంది.

బెల్టు ఎక్కించి ముల్లు పెట్టాడు. పాట వచ్చింది, నెమ్మదిగా, ప్రతి చుట్టుకూ ఒకసారి తూగుతూ. ఆమె ఖాళీ చెయ్యి ఒడిలో సూది పట్టుకున్నట్టు ముడుచుకుంది. ఒక తూగు వెళ్లిపోయింది. రెండో తూగుకు చెయ్యి పైకి లేచింది, నోరు తెరుచుకుంది.

"గొడుగు మరచి..." అని పాడింది.

గొంతు బొంగురుగా ఉంది, ఒక పక్క నుంచి గాలి పోతోంది. కానీ "అదీ" కాదు, గొడుగు. గొడుగులో "గొ" ఉంది, "డు" ఉంది, "గు" ఉంది. తర్వాతి మాట జారిపోయింది, ఆమె కంగారుపడలేదు, మరో తూగు కోసం ఆగి దాన్ని అందుకుంది. మాస్టరు కొలతల టేపును పిడికిట్లో చుట్టుకుంటూ నిలబడిపోయాడు. ఆ సాయంత్రం మందుల షాపు నుంచి నేరుగా వచ్చిన కూతురు గుమ్మంలోనే చెప్పులతో కూలబడి, తల్లి పాట అయ్యేదాకా లేవలేదు.

డాక్టరమ్మ విని, నెమ్మదీ తూగూ ఉంటే మెదడుకు ఆసరా దొరుకుతుందని, తట్టి ఉంటే ముందే చెప్పి ఉండేదాన్నని నొచ్చుకుంది. ఆ తర్వాతి మెట్టు నేర్పింది. ఇంట్లో రోజూ కావాల్సిన మాటల్ని ఆ పాట వరసలోనే కూర్చి పాడాలట. ఇక్కడ మాస్టరుకు తలప్రాణం తోకకొచ్చింది. ఆయన గొంతుకూ సంగీతానికీ పుట్టుకతోనే వైరం. అయినా సరే, "నీళ్లు కావాలా చెప్పవే", "కిటికీ మూసి పెట్టనా" అని గొడుగు పాట వరసలో పాడేవాడు. ప్యాంటు పొడుగు తగ్గించుకుందామని వచ్చిన ఒకాయన మధ్యలో ఇది విని, మరో రోజు వస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆమె మొదట్లో ఆయన పాట భరించలేక చెవులు మూసుకునేది. పోను పోను, ఆయన తప్పు పాడినచోట సరిచేసి పాడేది, సరిచేయబోయి జవాబు ఇచ్చేసేది. "నీళ్లు వద్దు." "కిటికీ ముయ్యి." అన్నీ పాటలోనే, చేత్తో లేని దారం లాగుతూనే. పాట ఆగితే మాట ఆగిపోయేది. ఆర్నెల్లు నిండాయి. ఇక ఇంతవరకేనేమో, ఇదీ చాలులే అని మాస్టరు మనసుకు నచ్చజెప్పుకోవడం మొదలుపెట్టాడు.

ఒకరోజు పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. ప్లేయరు ఆగిపోయింది. కాలి మిషనుకు కరెంటుతో పనిలేదు కాబట్టి మాస్టరు కుడుతూనే ఉన్నాడు. ఆమె వంటగదిలో ఉంది. వీధిలో కూడా ఏ చప్పుడూ లేదు.

"ఏమండీ."

వరస లేదు, తూగు లేదు. వంటగదిలోంచి మామూలుగా, కొంచెం విసుగ్గా వచ్చిన మాట. మాస్టరు కాళ్ల కింద మిషను ఆగింది. నలభై ఏళ్లలో ఆ పిలుపు రోజుకు ఎన్నిసార్లు విని ఉంటాడో. విన్న ప్రతిసారీ తలెత్తకుండా "ఆఁ" అని ఊరుకున్నవాడే. ఇప్పుడు కూడా నోటిదాకా వచ్చింది ఆ "ఆఁ". పలికితే ఆ పిలుపు ఒక్కసారితో అయిపోతుంది. పెదవులు బిగించి, సూది కింద సగం కుట్టిన కాలరును రెండు చేతులా పట్టుకుని, వంటగది గుమ్మం వైపు చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. లోపల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

"ఏమండీ, మిమ్మల్నే."

మాస్టరు ఎవరిదో చొక్కాతో కళ్లు తుడుచుకుని, వస్తున్నానన్నాడు.